దారుశిల్పి కుమారుడు: సర్ హ్యూబర్టు హెర్కొమరు జీవితము

ఉలి పట్టిన చేయి గొప్పదా, కుంచె పట్టిన చేయి గొప్పదా యను వివాదము లోకమున నేటికిని తెగలేదు. కొయ్య చెక్కువానిని పనివాడనియు, పటము వ్రాయువానిని కళావేత్త యనియు పిలిచి, మొదటివానికి కూలిని, రెండవవానికి గౌరవమును ఒసగుట పెక్కు దేశములందు వాడుకయై యున్నది. ఈ భేదము నిరాధారమని తన జీవితముచేతనే నిరూపించిన చిత్రకారుడొకడు యూరపుఖండమున నుండెను. అతడే హ్యూబర్టు హెర్కొమరు. జర్మనీదేశమున పుట్టి, అమెరికాలో శైశవము గడపి, ఇంగ్లండునందు పరదేశిగా బీదరికమున పెరిగి, తుదకు ఆ దేశపు చిత్రకారులలో అగ్రశ్రేణి నందుకొనినవాడితడు. తైలవర్ణచిత్రములందే కాక, రాగిరేకుపై గీసి అచ్చొత్తెడి ఎచింగు కళయందును పేరుగాంచెను. తరతరములుగ చేతిపనినే నమ్ముకొని బ్రదుకు కుటుంబములవారెల్లరు తెలిసికొనదగిన చరిత్రము గనుక, దీనిని సంఘసభ్యులకును పోషకులకును సంగ్రహముగ నివేదించుచున్నాము.

వంశము, వలస

హ్యూబర్టు 1849వ సంవత్సరము మే నెల 26వ తేదీన, బవేరియా రాజ్యమున లాండ్స్‌బర్గు పట్టణమునకు సమీపమునగల వాల్ అను గ్రామమున జన్మించెను. తండ్రియగు లోరెంజు హెర్కొమరు కొయ్యచెక్కడమున నేర్పరి. తల్లియగు జోసెఫీను సంగీతము నేర్పుటయందు సమర్థురాలు. లోరెంజుని సోదరులును చేతిపనివారే; వారిలో జాన్ కొయ్యపనియందును, ఆంటన్ నేతపనియందును ఆరితేరినవారు. ఇట్లు చెక్కడము, నేత, సంగీతము అను మూడు విద్యలు ఆ బాలునికి పుట్టుకతోనే చుట్టములైనవి.

బిడ్డ పుట్టినదినముననే తండ్రి యొక సంకల్పము చేసికొనెనని చెప్పుదురు. ఈ కుమారుడు తనకు ఆప్తమిత్రుడు కావలెననియు, చిత్రకారుడు కావలెననియు ఆతని కోరిక. పనివాని యింట పుట్టిన బిడ్డ పనివాడే యగునని లోకము తలచు కాలమున, తన పనికంటె విశాలమైన కార్యక్షేత్రమును కుమారునికై కోరిన తండ్రి యాతడు. ఐనను తన పనిని హీనముగ నెన్నడును తలపలేదు. ఈ రెండు గుణములు ఒకచో నుండుట అరుదు.

స్వదేశమున బ్రదుకు గడచు మార్గము కానరాక, లోరెంజు 1851లో భార్యతోడను రెండేండ్ల బిడ్డతోడను ఓడనెక్కి అమెరికా చేరెను. ఒహాయో రాష్ట్రమున క్లీవ్‌లాండు నగరమున వారు కాపురముండిరి. అచ్చటను ఆశించినంత మేలు కలుగలేదు. 1857లో ఆ కుటుంబము మరల సముద్రము దాటి ఇంగ్లండు దక్షిణతీరమునగల సౌతాంప్టను రేవుపట్టణమున స్థిరపడెను. హ్యూబర్టునకు అప్పటికి ఎనిమిదేండ్లు. ఆ స్వల్పవయస్సుననే మూడు దేశములను చూచెను. కాని యే దేశమునందును తన వారని చెప్పుకొనదగిన బంధుబలగము లేకుండెను.

సౌతాంప్టనులో ఆ సంసారమును చాలవఱకు నిలిపినది తల్లి. ఆమె ఇంటింట పియానో నేర్పి తెచ్చిన ధనమే ముఖ్యాధారము. చెక్కడపుపనికి గిరాకి తక్కువ. బాలుడు ఆరోగ్యము చాలనివాడగుటచే పాఠశాల చదువు కొలదికాలమే సాగెను. తక్కిన చదువంతయు తండ్రి పనిబల్లయొద్దనే. పనిముట్టు పదును పెట్టుట, కొయ్యనార పోకడ కనిపెట్టుట, తొందరపడక పని ముగించుట అను పాఠములను ఆతడచ్చటనే నేర్చెను. పదుమూడు పదునాలుగేండ్ల ప్రాయమున ఆ పట్టణపు చిత్రకళాపాఠశాలలో చేరెను.

విద్యాభ్యాసము, దారిద్ర్యము

1865లో లోరెంజునకు ఒక మంచి పని దొరకెను. పీటర్ విషరు అను ప్రాచీన జర్మను శిల్పి చేసిన సువార్తికుల విగ్రహములను అనుసరించి కొయ్యతో ప్రతిమలు చెక్కవలసియుండెను. దానికై తండ్రి మ్యూనికు నగరమునకు పోవుచు కుమారుని వెంటగొనిపోయెను. అచ్చటి కళాశాలలో హ్యూబర్టు కొన్ని నెలలు చదివెను. 1866లో లండనునగరమున సౌత్ కెన్సింగ్టను కళాశాలలో ప్రవేశించెను. ల్యూకు ఫిల్డ్సు మొదలగు సహాధ్యాయుల స్నేహము అచ్చట లభించెను. నాడు యువచిత్రకారులను మిక్కిలి ఆకర్షించుచుండిన ఫ్రెడరికు వాకరు చిత్రములు ఈతని హృదయమునందును నాటుకొనినవి.

కళ వచ్చినంతమాత్రమున కడుపు నిండదు. లండనులో ఈతడు పడిన పాట్లు ఇన్నియన్ని కావు. గోడలకు అచ్చురేకులతో రంగులు వేయు పనికి ఒప్పుకొనెను. జిథరు అను తంత్రీవాద్యము వాయించుటలో నేర్పుండుటచే, ఒక గాయకుల మేళమున వాద్యగానిగ చేరుటకును ప్రయత్నించెను. ఆ కొలువు దొరకలేదు. దొరకకపోవుటయే లోకమునకు మేలైనది.

1869 చివర విలియం లూసను థామసు అనునాతడు గ్రాఫికు అను సచిత్ర వారపత్రికను స్థాపించెను. ఆ దినములలో పత్రికలయందు బొమ్మ పడవలెనన్న, చిత్రకారుడు గట్టి కొయ్యదిమ్మెపై గీయవలెను. చెక్కువాడు ఆ గీతలను నిలిపి తక్కిన భాగమును తొలచవలెను. కొయ్య స్వభావమును తండ్రియొద్ద నెఱిగిన హెర్కొమరునకు ఇది కొత్త కాదు. వింబుల్డను మైదానమున గుడారములు వేసికొనిన దేశదిమ్మరుల బొమ్మతో 1870లో ఆతడా పత్రికలో అడుగిడెను. పిమ్మట బీదలు, వృద్ధులు, పనిలేనివారు, ఇల్లు లేనివారు ఆతని గీతలయందు వరుసగ ప్రత్యక్షమైరి. తాను పరదేశియై పడిన కష్టములే ఆ కన్నులకు చూపునిచ్చినవని మా తలంపు. ఆ పత్రికాచిత్రములు సముద్రముదాటి ఎందఱినో కదిలించినవి. హాలెండుదేశీయుడగు విన్సెంటు వాన్ గో, హేగు నగరమున చిత్రలేఖనము సాధన చేయుచుండిన దినములలో, హెర్కొమరు బొమ్మలను పత్రికలనుండి సేకరించి భద్రపఱచి, మిక్కిలి మెచ్చుకొనుచుండెను.

1873లో దినమంతయు శ్రమించి సాయంకాలమున విశ్రమించు పల్లెప్రజలను చూపు తైలచిత్రము ఒకటి రాయల్ అకాడమీ ప్రదర్శనమున నుంచబడి, 500 పౌనులకు అమ్ముడుపోయెను. ఆ ధనముతో ఆతడు మొదట చేసిన పని, లండనుకు ఉత్తరమునగల బుషీ గ్రామమున కుటీరములు అద్దెకు తీసికొని తల్లిదండ్రులను తనయొద్దకు రప్పించుకొనుట. నాటినుండి మరణపర్యంతము బుషీయే ఆతని నివాసము.

కీర్తి తెచ్చిన చిత్రము

లండనులోని చెల్సీ భాగమున రెండవ చార్లెసు రాజు 1682లో స్థాపించిన ఆశ్రమమొకటి కలదు. యుద్ధములలో పనిచేసి వృద్ధులైన సైనికులు అచ్చట ఎఱ్ఱని కోట్లు ధరించి శేషజీవితము గడపుదురు. వారు ఆదివారమున ప్రార్థనామందిరమున కూర్చుండిన దృశ్యమును హెర్కొమరు 1871లో గ్రాఫికు పత్రికకై గీసెను. దానినే పెద్ద తైలచిత్రముగ పెంచి 1875లో రాయల్ అకాడమీకి పంపెను. దాని పేరునకు తెలుగున కడపటి హాజరు అని చెప్పవచ్చును. వరుసలుగ కూర్చుండిన ముదుసలులలో ఒకడు తల వంచియున్నాడు. ప్రక్కనున్న స్నేహితుడు అనుమానించి ఆతని చేయి పట్టి చూచుచున్నాడు. ఆ వృద్ధుడు కూర్చుండినచోటనే ప్రాణము విడిచినాడు. తక్కినవారికి ఆ సంగతి తెలియదు. ప్రార్థన సాగుచునే యున్నది. చిత్రమున ఏడ్పు లేదు, ఆర్భాటము లేదు; ఆ చేతిస్పర్శ యొక్కటే కథ.

చిత్రములను ఎంపికచేయు అకాడమీ సభ్యులు దీనిని చూచి కరతాళధ్వనులు చేసిరని ప్రసిద్ధి. చిత్రకారుని వయస్సు అప్పటికి ఇరువదియైదు. 1878లో పారిసునగరమున జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనమున ఈ చిత్రమునకు గౌరవపతకము లభించెను. ఇంగ్లండునుండి ఆ గౌరవమునందిన చిత్రకారులు ఈతడును జాన్ ఎవరెటు మిల్లేయును మాత్రమే. 1879లో అకాడమీవారు హెర్కొమరును ఉపసభ్యునిగను, 1890లో పూర్ణసభ్యునిగను ఎన్నుకొనిరి.

కీర్తి వచ్చిన పిమ్మటను ఆతడు బీదలను మఱువలేదు. 1878లో వెస్టుమినిస్టరు బీదల ఆశ్రమమున ముసలమ్మలు బల్లచుట్టు చేరి కుట్టుపని చేయుచున్న దృశ్యమును చిత్రించెను. అది లివర్‌పూలు నగరపు వాకరు చిత్రశాలయందున్నది. 1885లో కష్టకాలము అను చిత్రమును వ్రాసెను. పని వెదకుచు ఊరూరు తిరుగు కూలివాడు దారిప్రక్క కంచెతలుపునకు ఆనుకొని దూరమునకు చూచుచుండును; పనిముట్లు నేలపై పడియుండును; భార్య అలసి పిల్లలతో చతికిలబడియుండును. ఆ దారి బుషీయొద్దిదే. ఆ చిత్రము మాంచెస్టరు చిత్రశాలలో నున్నది. 1891లో అకాడమీకి సమర్పించినది సమ్మెచేయుచున్న కార్మికుడు తన గుమ్మమున నిలిచియున్న చిత్రము. సభ్యుడైనవాడు తన పనితనమునకు నిదర్శనముగ ఒక చిత్రము ఒసగుట ఆ సంస్థయందు నియమము. దానికై పనివానినే ఆతడు ఎన్నుకొనెను.

వీనిలో ఆతని స్వంతకథకు మిక్కిలి దగ్గఱయైనది 1884 నాటి చిత్రము. న్యూయార్కు రేవున కాసిల్ గార్డెను అను భవనము 1855లో వలసవచ్చువారికి విడిదిగ తెఱవబడెను. హెర్కొమరు కుటుంబము అంతకు ముందే ఆ దేశమున దిగినందున, వారికి ఆ విడిదియు లేదు. అమెరికాయాత్రలో ఆతడా భవనమును దర్శించి, మూటలమధ్య పసిబిడ్డలతో పడియున్న జనసమూహమును చూచి, పడమటికి సాగు ప్రజలను చిత్రించెను. అది జర్మనీలోని లైప్సిగు నగరపు చిత్రశాలయందున్నది.

రాగిరేకుపై సూది

ఇక హెర్కొమరు ఎచింగు కళను గుఱించి కొంత వివరింపవలెను. నున్నగ సానబట్టిన రాగిరేకుపై మైనము, గుగ్గిలము మున్నగువానితో పలుచని పూత పూయుదురు. చిత్రకారుడు సన్నని సూదితో ఆ పూతపై గీయును. సూది తగిలినచోట పూత తొలగి రాగి బయటపడును. పిదప రేకును ద్రావకమున ముంచగా, బయటపడిన రాగిని మాత్రము ద్రావకము తినివేసి చాళ్లు చేయును. లేతగ నుండవలసిన గీతలను ముందుగ కప్పివైచి, ముదురుగ నుండవలసినవానిని మరల ముంచుదురు. తుదకు పూతను కడిగి, చాళ్లలో సిరా నింపి, పైభాగము తుడిచి, తడిపిన కాగితముతో యంత్రమున ఒత్తినచో చిత్రము దిగును. కుడి యెడమగను, ఎడమ కుడిగను అచ్చుపడును గనుక గీయునప్పుడే తలక్రిందు లెక్క వేసికొనవలెను. లోహము తెలియవలెను, ద్రావకము తెలియవలెను, కాలము తెలియవలెను. చిత్రకారుడును కంసాలియు ఒక్క దేహమున నుండినగాని ఈ పని కుదురదు.

1880లో ఫ్రాన్సిసు సీమరు హేడను అను వైద్యుడు లండనులో ఎచింగు చిత్రకారుల సంఘమును స్థాపించినప్పుడు మొదట చేరిన కొలదిమందిలో హెర్కొమరొకడు. వారిలో ఫ్రాన్సునుండి వచ్చి స్థిరపడిన అల్ఫోన్సు లెగ్రోయు నుండెను. ఇతరుల చిత్రములకు నకలు తీయు పనిముట్టుగ మాత్రమే ఈ విద్యను చూచుట తగదనియు, చిత్రకారుడు స్వయముగ భావించి గీసిన రేకు చిత్రముతో సమానమైన గౌరవమునకు అర్హమనియు వారి పట్టుదల. మెజోటింటు అను మఱియొక పద్ధతియందును హెర్కొమరు కృషి చేసెను. దానియందు రేకునంతయు ముందు గరుకు చేసి చీకటిగ నుంచి, వెలుగు కావలసినచోట గీకి నున్నచేయుదురు. ఈ రెండు విద్యలను గుఱించి ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఆతడు ఇచ్చిన ఉపన్యాసములు 1892లో గ్రంథముగ వెలువడినవి. ఆ విశ్వవిద్యాలయమున జాన్ రస్కిన్ పండితుని పిమ్మట స్లేడు ఆచార్యపదవిని 1885 నుండి 1894 వఱకు నిర్వహించినవాడు ఈ చదువు చాలని దారుశిల్పి కుమారుడే.

బుషీ పాఠశాల

1883 నవంబరులో బుషీ గ్రామమున హెర్కొమరు ఒక చిత్రకళాపాఠశాలను తెఱచెను. పొరుగున నుండిన గిబ్ అను ధనికుడు భవనమునకు ద్రవ్యమొసగెను. హెర్కొమరు జీతము పుచ్చుకొనకయే బోధించెను. స్త్రీలును పురుషులును చేరిరి. ఇరువది సంవత్సరములకు మించి ఆ పాఠశాల నడచెను. ఆ కాలమున సుమారు 500 మంది విద్యార్థులు అచ్చట చదివిరి. గురువు తన పద్ధతిని అనుకరింపవలదనియు, ఎవరి చూపును వారే పెంపొందించుకొనవలెననియు బోధించుచుండెను. ఐనను ఆతని శాసనము కఠినము; పిమ్మట పేరొందిన విలియం నికల్సను వంటి శిష్యుడును ఆతనితో పొసగక పాఠశాల విడువవలసివచ్చెను. గుఱ్ఱముల చిత్రములకు ప్రసిద్ధి చెందిన లూసీ కెంప్‌వెల్చి ఈ పాఠశాలయందే చదివి, 1904లో అది మూతపడిన పిమ్మట తానే గురుస్థానము వహించి బుషీలో బోధన సాగించెను.

గృహము, గోపురము

సంసారమున హెర్కొమరునకు దుఃఖములు తప్పలేదు. మొదటి భార్యయగు అన్నా రోగపీడితయై మరణించెను. 1884లో వేల్సుదేశీయురాలగు లులూ గ్రిఫిత్సును వివాహమాడగా, మరుసటి సంవత్సరముననే ఆమెయు గతించెను. 1888లో ఆమె సోదరియగు మార్గరెటును పెండ్లాడదలచెను. మృతురాలైన భార్య సోదరిని వివాహమాడుట నాటి ఇంగ్లండు చట్టమున నిషిద్ధము. 1907లోగాని ఆ నిషేధము తొలగలేదు. కావున జర్మనీకి పోయి లాండ్స్‌బర్గునందు ఆ వివాహము చేసికొనెను. వేల్సుదేశముతో నేర్పడిన ఈ బాంధవ్యమునకు గుఱుతుగ, అచ్చటి కవిసమ్మేళనపు ప్రధానాచార్యునికి వస్త్రములను భూషణములను ఈతడే రూపకల్పనచేసి యిచ్చెను.

లులూ స్మృతికై బుషీలో కట్టించిన మహాగృహమునకు లులూలాండు అని పేరు. 1886లో అమెరికాయందు హెన్రీ హాబ్సను రిచర్డుసను అను సుప్రసిద్ధ వాస్తుశిల్పి రూపచిత్రమును ఈతడు వ్రాయగా, దానికి బదులుగ ఆయన ఈ గృహమునకు నమూనా గీసి యిచ్చెను. ధనము చేత నుండినను హెర్కొమరు లోపలి పనిని బజారునుండి తెప్పింపలేదు. తండ్రి లోరెంజు, పినతండ్రులు జాన్, ఆంటన్ అను మువ్వురి నేర్పును ఒక కప్పుక్రింద చేర్చెను. కొయ్యచెక్కడములు, నేసిన తెరలు వారి చేతులనుండి వెలువడినవి. ఒకప్పుడు కూడు పెట్టలేకపోయిన వృత్తులే ఆ భవనమునకు అలంకారములైనవి.

తల్లి 1879లో మరణించెను. ఆమె స్మారకముగ లాండ్స్‌బర్గునందు లెఖ్ నదీతీరమున సుమారు 30 మీటర్ల యెత్తుగల రాతిగోపురమును 1884 మొదలు 1888 వఱకు కట్టించి, దానికి మాతృగోపురమని పేరిడెను. ఇంటింట పియానో నేర్పి కుమారుని పోషించిన తల్లికి రాజులకు తగిన గోపురము లభించెను. నేడది హెర్కొమరు చిత్రములను చూపు ప్రదర్శనశాలతో కూడి నిలిచియున్నది.

ఉత్తరదశ

తరువాతి కాలమున హెర్కొమరు ధనమంతయు రూపచిత్రములవలన వచ్చెను. సంగీతవేత్త వాగ్నరు, టెన్నిసను కవి, రస్కిన్ పండితుడు మొదలగువారు ఆతని యెదుట కూర్చుండిరి. 1899లో జర్మనీనుండి కులీనతాసూచకమగు వాన్ అను బిరుదమును, 1907లో ఎడ్వర్డు చక్రవర్తినుండి సర్ బిరుదమును లభించినవి. నాటకములు వ్రాసి, సంగీతము కూర్చి, రంగస్థలపు వెలుతురులలో క్రొత్త ప్రయోగములు చేసెను. 1905 మొదలు 1907 వఱకు జర్మనీలో జరిగిన మోటారుపందెములకు ఆతని పేరిట బహుమతి యుండెను. అఱువది దాటిన పిమ్మట కుమారుడు సీగ్‌ఫ్రీడుతో కలసి చలనచిత్రములను తీసెను. ఇన్ని విద్యలకు శక్తిని పంచుటచే ఆతని కుంచె బలము తగ్గెనని విమర్శించినవారు కలరు. ఆ మాటయందు కొంత సత్యము లేకపోలేదు. ధనికుల రూపచిత్రములు వందలకొలది వ్రాసినను, లోకము నేడు తలచుకొనునవి ఆ చెల్సీ ముదుసలియు, ఆ దారిప్రక్క కూలివాడును మాత్రమే.

1914 మార్చి 31వ తేదీన డెవను మండలమున బడ్లీ సాల్టర్టను అను తీరగ్రామమున హెర్కొమరు మరణించెను. బుషీ దేవాలయ ప్రాంగణమున సమాధి చేయబడెను. నాలుగు నెలలకే ఆతని రెండు దేశములకును యుద్ధము ప్రారంభమాయెను. జర్మను పేరు వినబడినచో ద్వేషము పొంగెడి ఆ దినములలో ఆతని కీర్తియు మసకబాఱెను. లులూలాండు పాడుపడి 1939లో కూల్చబడెను. ప్రవేశద్వారభాగము మాత్రము మిగిలెను. పాఠశాలయుండిన స్థలమును, తన జీవితకాలముననే భవనము తీయించి, ఆతడు గులాబీతోటగ మార్చియుండెను. రెండు యుద్ధములు ముగిసి ద్వేషము చల్లారిన పిమ్మట ఉభయదేశములును ఆతనిని మరల తమవానిగ చెప్పుకొనుచున్నవి.

ఈ చరిత్రమునుండి మనము గ్రహింపవలసినది యేమి? లోరెంజు హెర్కొమరు తన ఉలిని దాచిపెట్టి కుమారుని పెద్దవాని చేయలేదు. ఆ ఉలి నేర్పిన ఓర్పుతోనే పెద్దవాని చేసెను. కుమారుడును పెద్దవాడైన పిమ్మట ఆ ఉలిని చూచి సిగ్గుపడలేదు. దానినే తన యింటికి శృంగారము చేసికొనెను. తండ్రులు వృత్తిని విడువుమనుటయు, విడువవలదనుటయు రెండును సులభములే. వృత్తిలోని విద్యను పిల్లలకిచ్చి, వారు దానిని ఎంత దూరము కొనిపోయినను సంతోషించుట కష్టము. బుషీలో ఒక పోషకుడు భవనమిచ్చెను, ఒక గురువు వేతనము కోరక కాలమిచ్చెను. వందలకొలది బాలబాలికలకు దారి దొరకెను. మన సంఘమున భవనమీయగల చేతులును కలవు, విద్యనీయగల చేతులును కలవు. ఆ రెండును కలసినచో పనిబల్లయొద్ద కూర్చుండిన మన పిల్లలలో ఏ బాలుడు, ఏ బాలిక యెంతవారగుదురో యెవరు చెప్పగలరు? అట్టి సత్కార్యమునకు మన పోషకులును పెద్దలును పూనుకొందురు గాక యని ప్రార్థించుచున్నాము.